సిస్టమ్ మార్చే ముందు గదిని వినండి

గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లు ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టకుండా రారు. ఆ చప్పుడు ఎక్కడో కొండ మీదున్న బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుందని గైడు చెబుతాడు. మనమూ కొట్టి చూస్తాం, ఆశ్చర్యపోతాం. కట్టడం శబ్దాన్ని ఏం చేయగలదో అక్కడ చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఇంటికి రాగానే ఆ సంగతి మరిచిపోతాం. మన హాలు కూడా ఇటుక, సిమెంటు, టైల్స్, గాజు కలిసిన కట్టడమే. అందులో పెట్టుకున్న స్పీకర్ల శబ్దాన్ని అది కూడా రోజూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది.

నాకిది డబ్బు ఖర్చుపెట్టాక తెలిసింది. మా నాన్నగారికి సాయంత్రం పూట పాత పాటలు వినడం అలవాటు. పాట మొదలైన కాసేపటికే "మాటలు కలిసిపోతున్నాయిరా" అనేవారు. వినికిడి తగ్గిందేమోనని ఆయన అనుకున్నారు. ఆంప్లిఫయర్ పాతబడిందని నేను అనుకున్నాను. రెట్టింపు వాట్లున్న కొత్తది తెచ్చాను. శబ్దం పెరిగింది కానీ మాటలు మాత్రం తేలలేదు. పైగా బేస్ గిటార్ మోగినప్పుడల్లా ఒక్క స్వరం దగ్గర గదంతా గుమ్మని నిండిపోయేది, మిగతా స్వరాల్లో ఆ ఊసే లేదు. తప్పు పెట్టెలో లేదు, పెట్టె ఉన్న గదిలో ఉందని తెలుసుకోవడానికి నాకు మరో ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్లు మీకు మిగలాలని ఈ వ్యాసం.

డబ్బు ఎక్కడ పనిచేస్తుంది?

పాట మన చెవిదాకా రావాలంటే నాలుగు మెట్లు దాటాలి. మొదటిది ఫోనో, సీడీ ప్లేయరో, అంకెల్ని పాటగా మార్చే డాక్ (DAC) అనే చిన్న పెట్టెతో కలిపిన కంప్యూటరో. తర్వాత ఆంప్లిఫయర్, ఆ తర్వాత స్పీకర్లు, చివరికి గది. ఒక్కో మెట్టు దగ్గర పాట ఎంత మారిపోతుందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో దానంతటదే తేలుతుంది.

సీడీ 1982లో బజారులోకి వచ్చింది. 16 బిట్లు, సెకనుకు 44,100 నమూనాలు అనే దాని కొలత ఇంట్లో వినేవాళ్లకు నేటికీ సరిపోతుంది. మామూలు ధరలో దొరికే డాక్ కూడా ఆ నమూనాల్ని తిరిగి పాటగా మార్చే పనిని శుభ్రంగా చేసేస్తుంది. మంచి ఆంప్లిఫయర్ 20 హెర్ట్జ్ మంద్రం నుంచి 20,000 హెర్ట్జ్ కీచుదాకా ఒక డెసిబెల్‌కు మించి తేడా రానివ్వదు. స్పీకర్ దగ్గర ఆ తేడా మూడు డెసిబెళ్లు అటూఇటూ అవుతుంది. అందుకే పెట్టెల్లో దేన్నైనా మార్చదలిస్తే ముందు స్పీకర్ల సంగతి చూడాలి. ఇక గది. 200 హెర్ట్జ్ కంటే దిగువన మామూలు గది ఒక స్వరాన్ని పది డెసిబెళ్లు పైకి లేపి, దాని పక్క స్వరాన్ని మరో పది కిందికి తొక్కేయగలదు. మిగతా మూడు మెట్లూ కలిసినా పాటను ఇంతగా మార్చలేవు.

వాట్ల గురించి ఒక మాట. 50 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు కావాలి. 87 డెసిబెళ్ల సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కు ఒక్క వాటు ఇస్తే చాలు, మీటరు దూరంలో గట్టిగానే మోగుతుంది. ఇంట్లో మనం ఎక్కువసేపు వినేది ఒకటి రెండు వాట్ల లోపే.

వైర్ల సంగతీ అంతే. కరెంటు సామాను దుకాణంలో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయిదు మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి నిరోధం 0.07 ఓమ్‌ల చిల్లర. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది ఒక శాతం కూడా కాదు. వైరు మీద వేలకు వేలు పెట్టే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

బాత్రూమ్‌లో ఒక ప్రయోగం

గది ఒక్క స్వరాన్నే ఎందుకు పట్టుకుంటుందో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకోండి. నోరు మూసుకుని మీ గొంతుకు అందే అట్టడుగు స్వరం నుంచి "ఊఁ" అంటూ మెల్లగా పైకి రండి. ఒక చోట గొంతు పెంచకపోయినా స్వరం ఉబ్బి గోడలన్నీ మోగుతాయి. అక్కణ్నుంచి కొంచెం పైకి జరగ్గానే ఆ మోత తగ్గిపోతుంది. గోడల మధ్య అయిదడుగుల దూరం ఉంటే అది 112 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. మగవాళ్ల గొంతుకు తేలిగ్గా అందే స్వరమే అది.

కారణం ఉయ్యాల ఊపే ప్రతి తల్లికీ తెలుసు. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణంలో తోస్తే చిటికెన వేలితోనైనా ఊగుతుంది, వేళ తప్పితే ఎంత తోసినా తడబడుతుంది. శబ్దం గోడకు తగిలి, ఎదుటి గోడకు వెళ్లి, తిరిగొచ్చేసరికి స్పీకర్ నుంచి తర్వాతి అల సరిగ్గా అప్పుడే బయల్దేరితే రెండూ కలిసి బలపడతాయి. భౌతికశాస్త్రం పాఠంలో మనం చదువుకున్న అనునాదం ఇదే. లెక్క కూడా చిన్నది. గాలిలో శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే గది పట్టుకునే మొదటి స్వరం వస్తుంది.

మా గది పన్నెండు బై పది, శ్లాబు ఎత్తు పదడుగులు. పన్నెండడుగుల పొడవుకు వచ్చేది 47 హెర్ట్జ్, పదడుగుల వెడల్పుకు 56. ఎత్తు కూడా పదే కాబట్టి దానికీ 56. రెండు కొలతలు ఒకే స్వరం మీద పోగుపడ్డాయన్నమాట. బేస్ గిటార్ మూడో తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే పలికేది 55 హెర్ట్జ్. నన్ను ఆర్నెల్లు వేధించిన గుమ్మనే మోత అదే. ఆంప్లిఫయర్‌ని పదిసార్లు మార్చినా అది పోయేది కాదు, ఎందుకంటే దాన్ని పుట్టించింది మేస్త్రీ కట్టిన కొలతలు.

అమెరికాలో ఉండే మనవాళ్లు ఫలానా స్పీకర్ అద్భుతమని చెప్పగా విని, ఇక్కడికి తెప్పించుకుని నిరాశపడేవాళ్లున్నారు. స్పీకర్‌లో తప్పు ఉండకపోవచ్చు. అక్కడ ఎక్కువ ఇళ్లు చెక్క ఫ్రేములకు జిప్సం బోర్డు బిగించి కడతారు. ఆ పల్చటి గోడలు బేస్‌కు తామూ కొద్దిగా కదిలి కొంత శక్తిని మింగేస్తాయి. మన తొమ్మిదంగుళాల ఇటుక గోడా కాంక్రీటు శ్లాబూ కదలవు. వచ్చిన బేస్‌ను వచ్చినట్టే గదిలోకి తిప్పికొడతాయి. అదే స్పీకర్ అక్కడ ఒకలా, ఇక్కడ ఇంకోలా వినిపించడంలో వింతేమీ లేదు.

మాటలు ఎందుకు కలిసిపోతాయి?

ఇది రెండో జబ్బు, బేస్ మోతకంటే వేరు. సామాను చేరక ముందు కొత్త ఇంట్లో మాట్లాడితే ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. "అమ్మా" అని పిలిస్తే ఆ పిలుపు గదిలో తిరుగుతూనే ఉంటుంది. దీన్ని ప్రతినాదం అంటారు. గృహప్రవేశమై మంచాలు, పరుపులు, బట్టలు చేరేకొద్దీ తగ్గుతుంది.

దీన్ని మొదట కొలిచి లెక్క కట్టినవాడు హార్వర్డ్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చెప్పిన వాలెస్ సబీన్. 1895లో అక్కడ ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఎవరు మాట్లాడినా ముక్క అర్థమయ్యేది కాదు. నోటినుంచి వచ్చిన మాట దాదాపు అయిదున్నర సెకన్లపాటు గదిలో తిరిగేది, ఈలోపు వక్త ఇంకో పది పదిహేను మాటలు అనేసేవాడు. దీన్ని బాగుచేసే పని సబీన్‌కు అప్పగించారు. ఆయన రాత్రుళ్లు ఊరు సద్దుమణిగాక సహాయకులతో కలిసి పక్కనున్న శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు మోయించి తెచ్చేవాడు. ఒక ఆర్గన్ గొట్టం ఊది ఆపి, శబ్దం పూర్తిగా చచ్చిపోవడానికి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూసేవాడు. మరికొన్ని మెత్తలు పరిచి మళ్లీ కొలిచేవాడు. తెల్లారేలోపు మెత్తలన్నీ మళ్లీ థియేటర్‌కు చేరేవి. ఆ రాత్రుల్లోంచి వచ్చిన సూత్రమే ఇవాళ్టికీ వాడుతున్నాం. దాని ఆధారంగా రూపకల్పన చేసిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది, ఇప్పటికీ ప్రపంచంలోని మేలైన సంగీత మందిరాల్లో ఒకటి.

సబీన్ సూత్రం ఇది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని మింగే మొత్తం వైశాల్యంతో భాగించాలి. మా గదికి వేసి చూద్దాం. ఘనపరిమాణం 34 ఘనమీటర్లు. గోడలు, నేల, శ్లాబు కలిపి 63 చదరపు మీటర్లు. సున్నం వేసిన గోడ, టైల్స్ తమకు తగిలిన శబ్దంలో నూటికి మూడు వంతులే మింగుతాయి అనుకుంటే, మింగే వైశాల్యం రెండు చదరపు మీటర్లకు లోపే. ఖాళీగా ఉన్నప్పుడు ప్రతినాదం దాదాపు మూడు సెకన్లు! సంగీతం వినడానికి ఇంత చిన్న గదిలో అది అర సెకను దరిదాపుల్లో ఉంటే బాగుంటుంది. అందుకు పది పన్నెండు చదరపు మీటర్లు కావాలి. మంచమూ సోఫా కొంత మింగుతాయి. కూర్చున్న మనిషి ఒక్కొక్కరూ అర చదరపు మీటరు చొప్పున మింగుతారు. నలుగురు చేరినప్పుడు అదే సిస్టమ్ బాగా వినిపించడానికి కారణం ఇదే. ఇంకా తక్కువైనది మనమే చేర్చుకోవాలి.

నాన్నగారి చెవి తప్పేమీ లేదని నాకు అర్థమైంది ఇక్కడే. ఒక అక్షరం తోక ఇంకా గదిలో ఆడుతుండగానే తర్వాతి అక్షరం వచ్చి దాని మీద పడుతోంది. వాల్యూమ్ పెంచితే అక్షరంతో పాటు తోక కూడా పెరుగుతుంది. అందుకే ఎంత పెంచినా మాట తేలలేదు.

ముందు రూపాయి ఖర్చులేని పనులు

మన ఇళ్లలో సోఫా ఎప్పుడూ గోడకు ఆనించే ఉంటుంది. బేస్ అలలన్నీ బలంగా ఉండేది గోడ దగ్గరే, మూలల్లో మరీ ఎక్కువ. అక్కడ కూర్చుంటే మోతే వినిపిస్తుంది. అలాగని గది నట్టనడుమ కూర్చున్నా కుదరదు, అక్కడ పొడవు తాలూకు మొదటి స్వరం దాదాపు మాయమైపోతుంది. పన్నెండడుగుల గదిలో వెనక గోడ నుంచి నాలుగు, నాలుగున్నర అడుగులు ముందుకొచ్చి కూర్చుని చూడండి. పాట వింటున్నంతసేపు కుర్చీ ముందుకు లాక్కుని, అయ్యాక వెనక్కి జరిపేసుకున్నా చాలు.

స్పీకర్లను షోకేసు అరల్లోంచి బయటికి తియ్యండి. రెండు స్పీకర్లూ మీరూ కలిసి మూడు భుజాలూ ఇంచుమించు సమానంగా ఉన్న త్రిభుజంలా కుదరాలి. కీచు శబ్దాలు పలికే చిన్న ట్వీటర్ మీ చెవి ఎత్తున ఉండాలి. స్పీకర్ నుంచి వెనక గోడకు, పక్క గోడకు, నేలకు ఉన్న దూరాలు మూడూ ఒకటి కాకుండా చూసుకోండి. గోడ నుంచి తిరిగొచ్చే అల ఒకానొక స్వరం దగ్గర సూటిగా వచ్చే అలకు ఎదురు నిలిచి దాన్ని చంపేస్తుంది. రెండడుగుల దూరానికి అది సుమారు 140 హెర్ట్జ్, రెండున్నరకు 112, మూడడుగులకు 94. దూరాలు వేరువేరుగా ఉంటే నష్టం మూడు చోట్ల కొంచెం కొంచెంగా పంచుకుపోతుంది. మూడూ సమానమైతే ఒకే స్వరం దగ్గర పెద్ద గుంట పడుతుంది.

సబ్‌వూఫర్ ఉంటే దానికో పాత చిట్కా ఉంది. మీరు కూర్చునే చోట సబ్‌వూఫర్‌ను పెట్టి, బేస్ నిలకడగా నడిచే పాట వెయ్యండి. మీరు గోడల వెంబడి మోకాళ్ల మీద మెల్లగా పాకుతూ వినండి. ఎక్కడ ప్రతి స్వరం ఒకే బలంతో వినిపిస్తే సబ్‌వూఫర్ స్థానం అది.

ఇక అద్దం. మీరు కుర్చీలో కూర్చుని, ఇంట్లో ఇంకొకరిని చిన్న అద్దం పట్టుకుని పక్క గోడ వెంట నడవమనండి. అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తుందో గోడ మీద అక్కడ గుర్తు పెట్టండి. స్పీకర్ శబ్దం మొదటిసారి గోడకు తగిలి మీ వైపు తిరిగేది ఆ చోటే. సూటి శబ్దం కంటే మూడడుగులు ఎక్కువ నడిచి, మూడు మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చే ఆ శబ్దాన్ని చెవి విడిగా పట్టుకోలేదు, అసలు దానితోనే కలిపేసుకుంటుంది. గొంతు రంగు మారుతుంది, గాయకుడు నిలబడ్డ చోటు మసకబారుతుంది. డబ్బు ఖర్చుపెట్టాల్సి వస్తే మొదటి రూపాయి ఆ గుర్తు దగ్గరే పెట్టాలి.

మెత్తనివన్నీ ఒకటి కావు

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఒక అంగుళం ఫోమ్ పలకలు గోడలంతా అతికిస్తారు, కిటికీకి పల్చటి కర్టెన్ వేలాడదీస్తారు, నేల మీద జంపఖానా పరుస్తారు. చప్పట్లు కొడితే మోగడం లేదని సంతోషిస్తారు. పాట పెడితే మాత్రం తాళాల మెరుపు పోయి, గుమ్మనే బేస్ ఒక్కటే మిగులుతుంది. శబ్దాన్ని మింగడమంటే గాలి కదలికను రాపిడితో ఆపడం. గోడను ఆనుకున్న చోట గాలి కదలదు. గోడ నుంచి అల పొడవులో నాలుగో వంతు దూరంలో ఎక్కువ కదులుతుంది. 2,000 హెర్ట్జ్‌కు ఆ దూరం నాలుగు సెంటీమీటర్లే కానీ, 100 హెర్ట్జ్‌కు 86 సెంటీమీటర్లు. అంగుళం ఫోమ్‌కు బేస్ అందదు. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటివల్ల నిప్పు భయం కూడా ఉంది.

కావాల్సింది మందం. చెక్క ఫ్రేములో నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి నార) కూర్చి, గాలి ఆడే నూలు గుడ్డ బిగించి, గోడకు మూడు నాలుగంగుళాల ఎడంగా వేలాడదీస్తే మాటలకు కావాల్సిన శ్రేణి అంతటా బాగా పనిచేస్తుంది. వడ్రంగి ఒక్క రోజులో ఇలాంటివి నాలుగు చేసిపెడతాడు. రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు తప్పనిసరి. దాని నూగు బయటికి రాకుండా లోపల మరో పల్చటి గుడ్డ పొర వెయ్యాలి.

మూలలకు మన ఇళ్లలోనే మంచి మందు ఉంది. పాత దూది పరుపు నిలువునా చుట్టి, తాడుతో కట్టి, గది మూలలో నిలబెట్టండి. అడుగున్నర మందం, మనిషి ఎత్తు ఉన్న దూది చుట్ట అంగుళం ఫోమ్ ఎన్నటికీ చేయలేని పని కొంతైనా చేస్తుంది. పరుపులు కుట్టేవాళ్ల దగ్గర దానికి మంచి గుడ్డ తొడుగు వేయిస్తే చూడ్డానికి కూడా ఇబ్బంది ఉండదు. మా ఇంట్లో రెండు మూలల్లో రెండు నిలబెట్టాం.

అన్నిటినీ మెత్తగా కప్పేయడం కూడా తప్పే. పూర్తిగా చచ్చిపోయిన గదిలో వీణ ఎండిపోయినట్టు వినిపిస్తుంది. వెనక గోడకు పుస్తకాల అలమారా పెట్టండి. ఎత్తుపల్లాల పుస్తకాలు శబ్దాన్ని అంతగా మింగకుండా చెదరగొడతాయి, గదిలో ప్రాణం నిలుస్తుంది. ఇంకో సంగతి: ఇవేవీ పక్కింటికి శబ్దం వెళ్లకుండా ఆపవు. దానికి బరువైన గోడ, సందుల్లేని తలుపు కావాలి. అది వేరే పని, వేరే ఖర్చు.

కొలత, దిద్దుబాటు ఆఖర్న

ఇన్ని చేశాక మైకుతో కొలిచి చూసుకోవచ్చు. కొలత మైకు కొంటే చాలు, ఆర్ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఏ స్వరం ఎంత ఉబ్బిందో, ఎంతసేపు ఆగకుండా మోగుతోందో గీతలుగా చూపిస్తుంది. ఆ ఉబ్బుల్ని ఈక్వలైజర్‌తో తగ్గించుకోవచ్చు. గుంటల్ని మాత్రం పూడ్చే ప్రయత్నం చేయకండి. అక్కడ స్వరం లేకపోవడానికి కారణం రెండు అలలు ఒకదాన్నొకటి చంపుకోవడం. ఎంత పోస్తే అంత చంపుకుంటాయి. పది డెసిబెళ్లు పెంచడమంటే ఆ స్వరం దగ్గర ఆంప్లిఫయర్‌ను పదింతలు శ్రమపెట్టడం. గుంటకు మందు కుర్చీ జరపడమే.

కాబట్టి వరస ఇది. ముందు చప్పట్లు కొట్టి వినండి. తర్వాత కుర్చీ, స్పీకర్లు జరపండి. అద్దంతో గుర్తులు పెట్టి మందమైన పలకలు వేలాడదీయండి, మూలలు నింపండి. కొలిచి ఉబ్బులు దిద్దండి. అప్పటికీ తృప్తి లేకపోతే స్పీకర్లు మార్చండి. ఆ తర్వాతే ఆంప్లిఫయర్, అన్నిటికంటే చివర వైర్లు. గదిని బాగుచేశాక కొన్న ప్రతి వస్తువూ తన పూర్తి విలువ చూపిస్తుంది. బాగుచేయకముందు కొన్నది అదే గదికి దొరికిపోతుంది.

మా గదిలో గుమ్మనే ఆ 55 హెర్ట్జ్ పూర్తిగా పోలేదు. అయితే ఇప్పుడు బేస్ గిటార్ ఒక స్వరం నుంచి మరో స్వరానికి అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తోంది. నాన్నగారు పాట మధ్యలో నన్ను పిలిచి మాటలు అడగడం మానేశారు. నేను గమనించిన మార్పు ఇంకొకటుంది. ఒకప్పుడు వాల్యూమ్ మీట మీదే ఉండే ఆయన చెయ్యి, ఈమధ్య దాన్ని రెండు గీతలు తగ్గించి, పాట అయ్యేదాకా ఒళ్లోనే ఉంటోంది.